గురజాడ ఇంటికెళ్తూ షేక్‌స్పియర్ గొడవ

ఆమదాలవలసలో రైలెక్కిన దగ్గర్నుంచీ బావది ఒకటే పాట: షేక్‌స్పియర్ నాటకాలు షేక్‌స్పియర్ రాయలేదట. చేతి తొడుగులు కుట్టే ఆయన కొడుకు, యూనివర్సిటీ గడప తొక్కనివాడు, రాజుల కొలువుల సంగతులు ఎలా రాస్తాడన్నది వాదన. 1857లో డీలియా బేకన్ అనే ఆవిడ ఈ గొడవ మీద పెద్ద పుస్తకమే వేసింది. 1920లో లూనీ అనే మాస్టారు, అసలు రాసింది ఈయనేనంటూ ఆక్స్‌ఫర్డ్ ప్రభువుని తెరమీదికి తెచ్చాడు.

"ఆ ప్రభువు 1604లోనే పోయాడు కదా బావా, 'టెంపెస్ట్' ఆ తర్వాతది కదా?" అన్నాను.

"ముందే రాసి దాచుంటాడు" అన్నాడు. నెల్లిమర్ల దాటేసరికి నాకు తలనొప్పి మొదలైంది.

విజయనగరంలో గురజాడ ఇంటికి వెళ్లాం. 'కన్యాశుల్కం' ఆయన రాసింది కాదు, మరొకరిదన్న వాదన మన దగ్గరా నడిచింది. బావకి కావలసింది దొరికింది, మళ్లీ అందుకున్నాడు. కానీ ఇక్కడ చదువులేనివాడన్న సాకు చెల్లదు. గురజాడ బి.ఏ. చదివాడు, మహారాజా కాలేజీలో పాఠం చెప్పాడు, సంస్థానంలో పనిచేశాడు. అయినా అనుమానం వచ్చిందంటే, దానికి కారణం చదువు కాదు, నాటకానికొచ్చిన పేరే అనిపిస్తుంది నాకు.

పైగా ఆయన డైరీలున్నాయి, ఉత్తరాలున్నాయి. అన్నిటికన్నా గట్టి సాక్ష్యం నాటకమే. 1892లో ఆడారు, 1897లో అచ్చయింది. 1909 నాటికి అయిదంకాలు ఏడయ్యాయి, మధురవాణి పాత్ర బాగా పెరిగింది. అరువు సొమ్మయితే అన్నేళ్ల తర్వాత మళ్లీ విప్పి కుడతాడా ఎవడైనా?

అక్కణ్ణుంచి కోట వైపు నడిచాం. గిరీశం మొదట కనిపించే బొంకులదిబ్బ అక్కడే. చుట్టూ స్కూటర్లు, ఆటోల హారన్లు. ఆ గోలలోనూ బావ వదల్లేదు. "పోనీ, ఇద్దరు కలిసి రాసుండొచ్చుగా?"

అది వేరే మాట. షేక్‌స్పియర్ 'ఎనిమిదో హెన్రీ' నాటకంలో ఫ్లెచర్ అనే మరో నాటకకర్త చెయ్యి ఉందని పండితులే అంటారు. శైలి చూసి, మాటలు లెక్కబెట్టి తేల్చిన సంగతది. పుట్టుక చూసి చేసే ఊహ కాదు. ఆ తేడా చెబితే కాసేపు మాట్లాడలేదు.

"అయితే కన్యాశుల్కం 1897 ప్రతి, 1909 ప్రతి పక్కపక్కన పెట్టి చదవాలి. నీ దగ్గరున్నాయి కదా, ఓసారి ఇయ్యి" అన్నాడు. బావకి ఇచ్చిన పుస్తకం తిరిగొచ్చిన దాఖలా లేదు. మా ఇంటికొచ్చి చదువుకోమన్నాను.