కోల్కా దారిలో రాయిలాంటి మొక్క

పెరూలోని కోల్కా లోయకి జనం ఎక్కువగా కొండార్ రాబందుల కోసమే వెళ్తారు. నేనూ అందుకే వెళ్లాను. తిరిగొచ్చాక ఫోన్‌లో చూసుకుంటే పక్షుల ఫొటోలు నాలుగు, మొక్కలవి వందకి పైనే.

అరెకీపా నుంచి చివాయ్ వెళ్లే దారిలో పాతపంపా కనుమ దగ్గర వ్యాన్ ఆపారు. 4,910 మీటర్ల ఎత్తు. దిగి పది అడుగులు వేసేసరికి మూడంతస్తులు ఎక్కినంత ఆయాసం, తల దిమ్ము. పొద్దున తాగిన కోకా ఆకు టీ ఏం పనిచేసిందో దానికే తెలియాలి. చుట్టూ ఎండిపోయిన ఇచు గడ్డి, రాళ్లు. కొన్ని రాళ్లకి పచ్చగా నాచు పట్టిందనుకున్నాను. "అవి రాళ్లు కావు, మొక్కలు" అన్నాడు గైడ్. పేరు యారెటా.

మోకాళ్ల మీద కూర్చుని చూశాను. గోరు కన్నా చిన్న ఆకులు, చిట్టి పువ్వుల్లా గుండ్రంగా విచ్చుకుని, సూది దూరే సందు లేకుండా ఒకదానికొకటి ఒరుసుకుని ఉన్నాయి. వేలితో నొక్కితే చెక్కని నొక్కినట్టుంది. వేలికి కాస్త బంక అంటింది. ఇది క్యారెట్, కొత్తిమీరల కుటుంబమట! నమ్మడానికి టైం పట్టింది. ఆ చలిగాలిలో వేడి పోకుండా నేలకి కరుచుకుని, ఏడాదికి ఓ సెంటీమీటరో, ఒకటిన్నరో పెరుగుతుంది. నా ముందున్న దిమ్మ పడుకున్న ఆవంత ఉంది. దాని వయసు లెక్కేయబోయి మానేశాను. బంక వల్ల బాగా మండుతుందని ఒకప్పుడు వంటచెరకుగా నరికేసేవారట. వందల ఏళ్లు పెరిగింది నాలుగు పూటల వంటకి!

కొండార్ల సంగతి తొందరగా చెప్పేస్తాను. మూడు మీటర్ల రెక్కలు, ఒక్కసారీ ఆడించకుండా మన తల మీంచి పోతాయి. బాగుంది.

అసలు మజా కబానాకొండే ఊరి నుంచి లోయ అడుగుకి నడక. వెయ్యి మీటర్లకు పైగా దిగుడు. పైన మొక్కజొన్న చేల గట్ల మీద ఎర్రటి గొట్టాల్లాంటి కాంతూతా పూలు, పెరూ జాతీయ పుష్పం. దిగే కొద్దీ పచ్చదనం పోయి నిలువు స్తంభాల్లాంటి కాక్టస్‌లు. ఇంకా కిందికి వెళ్తే నాగజెముడు. దాని మట్టల మీద తెల్లటి పొడిలాంటిది కనిపిస్తే ఏదో తెగులనుకున్నాను. గైడ్ కొంచెం గీకి నా అరచేతిలో నలిపాడు. చెయ్యంతా రక్తం రంగు! కొచినీల్ పురుగు. లిప్‌స్టిక్‌లకీ, తినే వాటికీ వాడే ఎర్ర రంగు దీని నుంచే తీస్తారు. ప్రపంచంలో ఎక్కువగా తయారయ్యేది పెరూలోనే.

అడుగున సంగాయె. అక్కడ నీటి ఊటలున్నాయి కాబట్టి ఒక్కసారిగా పచ్చటి పామ్ చెట్లు. పైన చూసిన లోకం ఇదేనా అనిపించింది. నీళ్లలో చేతులు ఎంత రుద్దినా అరచేతి గీతల్లో ఎరుపు వదల్లేదు. మోకాళ్లు వణుకుతున్నాయి. తెల్లవారుజామున నాలుగింటికే మళ్లీ పైకి బయల్దేరాలని గైడ్ నవ్వుతూ చెప్పాడు.