ఎల్విస్ పాడని పాట కోసం నాష్‌విల్‌కు

కిందటి అక్టోబరులో అమెరికాలో, నాష్‌విల్‌లోని మా మేనకోడలి ఇంట్లో పది రోజులు ఉన్నాను. మొదటి ఆదివారం గణేశాలయ దర్శనం కాగానే, ఆర్‌సీఏ స్టూడియో బి అనే పాత రికార్డింగ్ స్టూడియో చూపించమని అడిగాను. నేను చదువుకునే రోజుల్లో విజయవాడలో ఒక మిత్రుడి క్యాసెట్‌లో విట్నీ హ్యూస్టన్ పాడిన ‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’ విని, అది ఆవిడ సొంత పాటే అనుకున్నాను. డాలీ పార్టన్ రాసి పాడిన 1974 నాటి కంట్రీ (అమెరికా పల్లె బాణీ) సింగిల్, అంటే ఒక్క పాటగా విడుదలైన రికార్డు, అదని నాకు తెలిసేసరికి చాలా ఏళ్లు గడిచాయి. అది రికార్డయింది ఆ స్టూడియోలోనే.

కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో టికెట్టు తీసుకుంటే వాళ్ల బస్సులోనే స్టూడియోకు తీసుకువెళతారు. 1957లో కట్టిన ఆ భవనం బయటి నుంచి గోదాములా కనిపిస్తుంది. మొదటి రికార్డింగుకు ఆలస్యమైన డాలీ హడావుడిలో కారుతో గోడను గుద్దారని చెబుతూ గైడ్ ఆ గుర్తును కూడా చూపించింది. లోపల రాక్ అండ్ రోల్ గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ నిలబడి పాడిన చోట నేల మీద నీలిరంగు ఇంటూ గుర్తు ఉంది. అందరితో పాటు నేనూ దాని మీద నిలబడి ఫొటో దిగాను గానీ, నా ధ్యాసంతా ఎల్విస్ పాడని పాట మీదే ఉంది.

టీవీ కార్యక్రమంలో తనకు చోటిచ్చి పైకి తెచ్చిన పోర్టర్ వాగనర్‌ను విడిచి సొంత దారిన వెళ్లదలచిన డాలీ, ఆయనకు వీడ్కోలుగా ఈ పాట రాసి, 1973 జూన్‌లో ఈ గదిలోనే రికార్డు చేశారు. (అంత ఆర్ద్రమైన వీడ్కోలు అందుకున్న వాగనరే 1979లో ఆవిడ మీద 30 లక్షల డాలర్లకు దావా వేశారు. వ్యాపారం వ్యాపారమే కాబోలు.) 1974 మార్చిలో విడుదలైన సింగిల్ జూన్ నాటికి బిల్‌బోర్డ్ పత్రిక వేసే కంట్రీ పాటల జనాదరణ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. దాన్ని తానూ పాడాలని ఎల్విస్ ముచ్చటపడ్డారు. అయితే ఆయన మేనేజర్ కర్నల్ టామ్ పార్కర్ పాట ప్రచురణ హక్కుల్లో సగం రాసివ్వాలని షరతు పెట్టారు. ఎల్విస్ అంతటి గాయకుడు తన పాట పాడతానంటే ఏ రచయిత కాదంటారు? డాలీ కాదన్నారు. ఆ రాత్రంతా ఏడ్చానని తరువాత ఆవిడే చెప్పుకున్నారు.

ఆ ఏడుపు ఖరీదెంతో తేలడానికి పద్దెనిమిదేళ్లు పట్టింది. 1982లో ఒక సినిమా కోసం డాలీ మళ్లీ పాడినప్పుడు ఇదే పాట కంట్రీ పట్టికలో రెండోసారి మొదటి స్థానం అందుకున్నా, అన్ని రకాల పాటలూ పోటీపడే బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో 53 దగ్గరే ఆగింది. 1992లో ‘ది బాడీగార్డ్’ సినిమా కోసం హ్యూస్టన్ పాడితే ఆ హాట్ 100లోనే 14 వారాలు మొదటి స్థానం వదల్లేదు. ఆ రికార్డు అమ్ముడైనప్పుడల్లా రచయితగా, ప్రచురణ హక్కుదారుగా రావలసిన సొమ్ము డాలీకి ముట్టింది. ఆ రోజు సగం రాసిచ్చి ఉంటే ప్రచురణ హక్కుల సొమ్ములో సగమే మిగిలేది. అందుకే ఈ సింగిల్ చరిత్రలో మొదటి స్థానాల కన్నా ఆ నిరాకరణే నాకు పెద్ద విషయంగా తోస్తుంది.

తిరుగు బస్సులో మేనకోడలు ఫోనులో 1974 నాటి రికార్డు పెట్టి, ఇయర్‌ఫోను ఒకటి నా చేతికిచ్చింది. మూడు నిమిషాలైనా లేని పాట అది. హ్యూస్టన్ గొంతెత్తి ఆకాశానికి తీసుకుపోయిన పాటలో, డాలీ ఒక చరణాన్ని అసలు పాడనే పాడరు. ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడినట్టు మెల్లగా చెబుతారు. “ఇదేంటి మామయ్యా, ఇక్కడ పాట ఆగిపోయిందా?” అని అడిగింది మేనకోడలు.