నాలుగో వారం సున్నా

పోయినేడాది జులైలో ఎన్‌పీటీఈఎల్‌లో (ఐఐటీలు నడిపే ఆన్‌లైన్ కోర్సుల వేదిక) పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష కోర్సులో చేరాను. నంద్యాలలో డిగ్రీ పిల్లలకు కామర్స్ చెబుతాను. వయసు 43. కోర్సు 12 వారాలు, ప్రతి బుధవారం రాత్రి 11:59 లోపు అసైన్‌మెంట్ పెట్టాలి.

మూడు వారాలు బాగానే గడిచాయి. నాలుగో వారం ప్రోగ్రామ్ ఎన్నిసార్లు పెట్టినా 'రాంగ్ ఆన్సర్' అనే వచ్చింది. గంటన్నర కుస్తీ పడితే తేలిందేంటయ్యా అంటే, 'యెస్' అన్న మాటలో మొదటి అక్షరం పెద్దది ఉండాలట, నేను చిన్నది పెట్టాను. దిద్దేలోపు 12 దాటింది. ప్రోగ్రామ్‌కి సున్నా.

కష్టంగా ఉందని మానేశానని ఇంట్లో చెప్పాను. అబద్ధం. సిగ్గేసి మానేశాను. ఇరవై ఏళ్లుగా పేపర్లు దిద్దుతున్నదాన్ని, నాకు సున్నానా! నిజానికి ఆ మార్కు చూసినవాళ్లే లేరు. క్లాసులో అయితే పక్క బెంచీలో ఇంకెవరికో కూడా సున్నా వచ్చి ఉండేది, ఇద్దరం నవ్వుకునేవాళ్లం. ఇక్కడ నేనూ ల్యాప్‌టాపూ. అప్పున్న కొట్టు ముందు నుంచి నడవడం మానేసినట్టు ఆ పేజీ తెరవడమే మానేశాను. ఐదు, ఆరు, ఏడు వారాలు పేరుకుపోయాయి. విసుగైతే నయం, వీడియో ఒకటిన్నర స్పీడులో పెట్టి గట్టెక్కేదాన్ని.

పన్నెండింటిలో మంచి మార్కులొచ్చిన 8 అసైన్‌మెంట్లే లెక్కలోకి తీసుకుంటారు. ఆ సున్నా అసలు లెక్కలోకే రాదు. మొదటి రోజే చదివాను, ఆ రాత్రి మాత్రం గుర్తు రాలేదు.

రైన్‌హార్డ్ పెక్రున్ అనే జర్మన్ సైకాలజిస్టు 2006లో ఒక సిద్ధాంతం రాశాడు. చదివేటప్పుడు మనలో పుట్టే భయం, ఆశ, సిగ్గు, విసుగు అన్నీ రెండు ప్రశ్నల దగ్గర మొదలవుతాయంటాడు: ఇది నాకు ముఖ్యమా? ఇది నా చేతుల్లో ఉందా? నాకు ముఖ్యమే. చేతుల్లో లేదనిపించింది, అంతే.

జనవరిలో మళ్లీ చేరాను. ఈసారి మా బీకామ్ రెండో సంవత్సరం అమ్మాయి కూడా చేరింది. మంగళవారం సాయంత్రాలు స్టాఫ్ రూమ్‌లో కూర్చుంటాం.

"మేడమ్, నాకు రెండు టెస్ట్ కేసులు ఫెయిల్."

"నాకు మూడు తల్లీ."

టెస్ట్ కేసులంటే మన ప్రోగ్రామ్ సరిగ్గా పనిచేస్తుందో లేదో కంప్యూటరే పెట్టి చూసే చిన్న పరీక్షలు.

ఆరో వారం ప్రోగ్రామ్‌కి ఇద్దరికీ సున్నానే. క్యాంటీన్‌కి వెళ్లి మిర్చి బజ్జీలు తిన్నాం. డబ్బులు తనే ఇచ్చింది, వద్దన్నా వినలేదు.

ఏడోది నిన్న రాత్రి 11:40కి పెట్టాను.