బాంధవుల్ గప్పిన వేళ

ముప్పున కాలకింకరులు ముంగిట వచ్చిన వేళ, రోగముల్
దెప్పరమైనచో కఫము కుత్తుక నిండిన వేళ, బాంధవుల్
గప్పిన వేళ, మీ స్మరణ గల్గునొ గల్గదొ, నాటికిప్పుడే
తప్పక చేతు మీ భజన దాశరథీ కరుణాపయోనిధీ

రామదాసు గారి ఈ పద్యం మన నెల్లూరు వైపు భజన మందిరాల్లో పాడతానే ఉంటారు, పెద్దకర్మ కార్డు మీద అచ్చేయించినోళ్లని కూడా చూశాను. అర్థం చెప్పబోవడం లేదు, అందరికీ తెలిసిందే. నాకు ఒళ్లు మండే విషయం ఒకటుంది, దానికోసమే ఇదంతా.

స్మరణకి అడ్డమొచ్చే వాటిని ఆయన ఏ వరసలో చెప్పాడో చూడండి. మొదట యమభటులు. తర్వాత రోగం, గొంతులో కఫం. ఆ తర్వాత ఎవరయ్యా అంటే బంధువులు! అంటే మనమే. యమభటులున్న వరసలోనే మనల్నీ నిలబెట్టాడు మహానుభావుడు. కఫం దగ్గర అందరూ కళ్లు తుడుచుకుంటారు గానీ బాంధవుల దగ్గర మాత్రం గబగబా దాటేసి పోతారు, మన సంగతి కదా మరి.

ఈ కప్పడం చివరి రోజున మంచం చుట్టూ మూగడంతో మొదలవదు. అంతకు ఎన్నో నెలల ముందే మొదలవుద్ది. ఇక్కడ స్కాన్ తీసి చెన్నైకో వేలూరుకో పొమ్మంటారు, అక్కడ పెద్ద డాక్టరు ఫైలంతా చూసి ఇంక ట్రీట్‌మెంట్ వల్ల లాభం లేదు, ఇంటికి తీసుకెళ్లి నొప్పి లేకుండా చూసుకోండి అంటాడు. ఆ మాట వినేది కొడుకూ అల్లుడూ. జబ్బు ఎవరిదో ఆ మనిషి బయట బెంచీ మీద కూర్చోనుంటాడు. కారెక్కినాక "ఏం లేదు నాన్నా, అల్సరంట" అని ఒక అబద్ధం.

మా పెదనాయనకి లివర్ క్యాన్సర్ వచ్చినప్పుడు అచ్చం ఇట్టాగే జరిగింది. నాయుడుపేట దాటిందాకా కార్లో ఒక్కరూ నోరు మెదపలేదు. ఇంట్లో అందరికీ తెలుసు, పాలు పోసే ఆమెకి కూడా తెలుసు, ఆయనకి తప్ప. ఒకరోజు మజ్జిగ గ్లాసు పక్కనపెట్టి "ఏందబ్బాయా, నాకు తెలీదనుకుంటుండారా? చెప్పండి, నాకు పనులుండాయి" అన్నాడు. పెద్దన్న ఏడ్చేసి చెప్పేశాడు. ఆ తర్వాత మనిషి ఎంత తేలికపడ్డాడో! పాస్‌బుక్కులు తీయించి ఏ చేను ఎవరికో చెప్పాడు, కౌలు బాకీ తేల్చేశాడు, ఏళ్ల తరబడి మాటల్లేని మా చిన్నాయన్ని పిలిపించుకున్నాడు, రంగనాయకుల గుడికి తీసకపొమ్మన్నాడు. పడుకోనున్న ఆ స్వామి ముందర వీల్‌చైర్లో కూర్చోని, తొందరపెట్టబాకండ్రా అన్నాడు. సాయంత్రాలు ఈ పద్యం మా చేత చదివించుకుంటా, మూడో పాదం వచ్చేసరికి తనే అందుకునేవాడు.

నాటికిప్పుడే అనగలిగాడంటే రామదాసుకి ఆ నాడు ఒకటి ఉందని తెలుసు కాబట్టే. తెలియనీయకుండా దాచిపెడితే ఆ మనిషి ఇప్పుడే అని ఎట్టా అనుకోగలడు? భాగవతం చూడండి, పరీక్షిత్తు మహారాజు ఏడు రోజుల్లో పాము కాటుకి చచ్చిపోవాలని కొడుకు తొందరపడి శాపం పెట్టాడని తెలియంగానే శమీక మహర్షి ఏం చేశాడు? రాజు బాధపడతాడులే అని ఊరుకున్నాడా? శిష్యుణ్ని పంపించి పరీక్షిత్తుకి కబురు చెప్పించాడు. ఆ కబురు అందబట్టే రాజ్యం జనమేజయుడికి అప్పజెప్పి గంగ ఒడ్డున కూర్చోగలిగాడు, శుకుడు వచ్చాడు, ఆ ఏడు రోజుల్లో మనకి భాగవతం దొరికింది. మనలాంటి చుట్టాలు ఆ ఆశ్రమంలో ఉండుంటే "రాజుగారికి చెప్పబాకండి, తట్టుకోలేడు" అని శిష్యుణ్ని గుమ్మం దగ్గరే ఆపేసుందురు.

భీష్ముడి సంగతీ అంతే. అంపశయ్య మీదుంటే దుర్యోధనుడు బాణాలు తీసే వైద్యుల్ని తీసుకొచ్చాడు, వాళ్లకి డబ్బిచ్చి మర్యాదగా పంపించెయ్ అన్నాడాయన. పట్టు దిండ్లు తెస్తే వద్దన్నాడు, తనకి తగిన దిండు కావాలన్నాడు, అర్జునుడు మూడు బాణాలు పెట్టాడు. అడిగింది ఇచ్చాడు చూడండి, అదీ సేవంటే.

మనమేమో చివరి రోజుల్లో ఫోన్లు పట్టుకోని వీడియో కాల్ పెట్టి "పెద్దమ్మా, నేనెవరో చెప్పు" అని పరీక్షలు పెడతాం. ఆకలి చచ్చిపోయిన మనిషికి బలవంతంగా స్పూను కుక్కుతాం. స్పృహ లేని నోట్లో తులసి తీర్థం గ్లాసుతో పోస్తాం, మింగలేని స్థితిలో అది ఊపిరితిత్తుల్లోకి పోద్ది తల్లీ, దూదితో పెదాలు తడిపితే చాలదా, స్వామి కాదంటాడా? గొంతులో గురగుర వినంగానే భయపడి మళ్లీ ఐసీయూకి పరిగెత్తుతాం. పక్కకి తిప్పి పడుకోబెడితే చాలాసార్లు తగ్గుద్ది, ఆ చప్పుడుకి బాధపడేది ఎక్కువగా వినే మనమే. అన్నీ అయిపోయాక మైకులో భగవద్గీత! బతికున్నప్పుడు పక్కన కూర్చోని ఒక్క శ్లోకం చదివినోడు లేడు.

ఇంకోటి, నొప్పి. మార్ఫిన్ అనంగానే అమ్మో మత్తుమందు అని మాత్రలు దాచేస్తారు. డాక్టరు చెప్పిన డోసులో వాడితే ప్రాణం తీసే మందు కాదది, క్యాన్సర్ నొప్పికి ప్రపంచమంతా వాడేదే, 2014లో చట్టం మార్చి ఆస్పత్రులకి దొరకడం కూడా సులువు చేశారు. నొప్పితో అరిచే మనిషికి రామనామం ఎట్టా వస్తదండీ? ఆ మాత్ర టైముకి అందివ్వడం కూడా భజనలో భాగమే అని నేననుకుంటా. వెంటిలేటర్లు వద్దు అనుకునేవాళ్లు ముందే రాసిపెట్టుకోవచ్చని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది, 2023లో ఇంకా తేలిక చేసింది, ఇద్దరు సాక్షులు, నోటరీ గానీ గెజిటెడ్ ఆఫీసరు గానీ ఉంటే సరిపోద్ది. ఆస్తికి వీలునామా రాస్తాం కదా, దీనికి మాత్రం అశుభం అంటామేంటో.

మీ ఇంట్లో అట్టాంటి పెద్దవాళ్లు ఉంటే ఇయ్యాలే పోయి పక్కన కూర్చోండి. టీవీ కట్టేయండి. నీకేం కావాలి నాయనా అని అడిగి నోరు మూసుకోని వినండి. ఆస్పత్రా ఇల్లా, పటం ఎటువైపు పెట్టాలి, ఎవర్ని రానీయాలి, ఎవరొద్దు, అన్నీ ఆయన నోటితోనే చెప్పించుకోండి. రావద్దన్న చుట్టం అలిగితే అలగనీయండి, తర్వాత చూసుకోవచ్చు.