శిక్షల అధ్యాయాన్ని ఇంగ్లండ్ అల్లర్ల కేసులతో చదివాను: క్రిమినల్ పేపర్ అనుభవాలు

జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు ప్రిపేర్ అవుతున్న మిత్రులకు రాస్తున్నాను. క్రిమినల్ పేపర్‌లో నేరాల నిర్వచనాలు అందరం బాగానే చదువుతాం. చట్టవిరుద్ధ సమూహానికి ఎంతమంది ఉండాలి, ఉమ్మడి ఉద్దేశానికీ ఉమ్మడి లక్ష్యానికీ తేడా ఏమిటి అని నిద్రలో లేపి అడిగినా చెబుతాం. శిక్ష దగ్గరికి వచ్చేసరికి మాత్రం సెక్షన్‌లోని ఆఖరి వాక్యం, 'రెండేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ' అని రాసి పేజీ తిప్పేస్తాం. కానీ రేపు బెంచ్ మీద కూర్చుంటే నిర్వచనం కంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఆ వాక్యమే. ఎదురుగా నిలబడ్డ మనిషికి నాలుగు నెలలా, పద్దెనిమిది నెలలా, అసలు జైలే వద్దా? ఏది వేసినా ఎందుకు వేశామో రాయాలి కదా.

ఆ 'ఎందుకు' రాయడం నేర్చుకోవడానికి నాకు బాగా పనికొచ్చినవి 2024 వేసవిలో ఇంగ్లండ్‌లో జరిగిన అల్లర్ల కేసులు. అక్కడి జడ్జీలు శిక్ష వేసేటప్పుడు చదివే వివరణల్లో ముఖ్యమైనవాటిని న్యాయవ్యవస్థ వెబ్‌సైట్‌లోనే పెడతారు. చాలావరకు నాలుగైదు పేజీలే, భాష కూడా సులువు. ఎవరైనా చదవొచ్చు.

ముందు నేపథ్యం. 2024 జూలై 29న సౌత్‌పోర్ట్ పట్టణంలో పిల్లల డాన్స్ క్లాసులో ఒక టీనేజర్ కత్తితో దాడి చేశాడు. ముగ్గురు ఆడపిల్లలు చనిపోయారు. దాడి చేసింది శరణార్థిగా వచ్చిన ముస్లిం అని గంటల్లోనే ఆన్‌లైన్‌లో పుకారు పాకింది. నిజానికి అతను కార్డిఫ్‌లో పుట్టినవాడు. నిజం బయటికొచ్చేలోపు, జూలై 30 సాయంత్రమే సౌత్‌పోర్ట్ మసీదు మీద రాళ్లు పడ్డాయి. అక్కడి నుంచి సండర్లాండ్, హల్, లివర్‌పూల్, రోథర్‌హామ్, టామ్‌వర్త్ అంటూ వారం రోజులు అల్లర్లు సాగాయి. ఆగస్టు 7న లివర్‌పూల్ క్రౌన్ కోర్టు (తీవ్రమైన నేరాలు చూసే కోర్టు) మొదటి శిక్షలు వేసేసింది. వాటిలో ఒకటి మూడేళ్ల జైలు. నేరం జరిగిన ఎనిమిదో రోజుకే శిక్ష పడిందంటే, ముద్దాయిలు మొదటి వాయిదాలోనే నేరం ఒప్పుకోవడం వల్ల.

వీధిలో దొరికినవాళ్లలో ఎక్కువమంది మీద పెట్టిన అభియోగం 'వయొలెంట్ డిజార్డర్'. అది పబ్లిక్ ఆర్డర్ యాక్ట్ 1986లో సెక్షన్ 2. ముగ్గురు లేదా అంతకంటే ఎక్కువమంది ఒకచోట చేరి హింసకు దిగడం గానీ బెదిరించడం గానీ చేయాలి. అక్కడ మామూలు ధైర్యం ఉన్న మనిషి ఉంటే తన భద్రత గురించి భయపడేలా అది ఉండాలి. అలాంటి మనిషి నిజంగా అక్కడ ఉండనక్కర్లేదు. గరిష్ఠ శిక్ష ఐదేళ్లు. అదే చట్టంలో సెక్షన్ 1 'రయట్'. దానికి పన్నెండు మంది, ఉమ్మడి ప్రయోజనం కావాలి, గరిష్ఠం పదేళ్లు. మనకు ఐదుగురితోనే దొమ్మీ అవుతుంది కాబట్టి ఈ సంఖ్యలను పక్కపక్కనే రాసుకుంటే గుర్తుంటాయి.

ఇక ఇల్లు కదలకుండా ఫోన్‌లో రెచ్చగొట్టినవాళ్ల సంగతి. నేను ఎక్కువ సమయం పెట్టింది ఇక్కడే, మీరూ పెట్టండి. వీళ్ల మీద అదే చట్టంలోని సెక్షన్ 19 వాడారు: జాతి విద్వేషం రెచ్చగొట్టే రాతను ప్రచురించడం. గరిష్ఠం ఏడేళ్లు, ప్రాసిక్యూషన్‌కు అటార్నీ జనరల్ అనుమతి కావాలి. ఆగస్టు 9న ఒకేరోజు రెండు కోర్టులు శిక్షలు వేశాయి. లీడ్స్‌లో ఫేస్‌బుక్ పోస్టులకు 20 నెలలు, నార్తాంప్టన్‌లో ఎక్స్ పోస్టులకు 38 నెలలు. రెండు కేసుల్లోనూ పిలుపు ఒకటే, శరణార్థులు ఉంటున్న హోటళ్ల మీద దాడి చేయమని.

లెక్క పూర్తిగా అర్థమయ్యేది మాత్రం అదే ఏడాది అక్టోబర్ 17న బర్మింగ్‌హామ్ క్రౌన్ కోర్టు 31 నెలలు వేసిన కేసులో. సౌత్‌పోర్ట్ హత్యలు జరిగిన రోజు రాత్రే ఒక మహిళ ఎక్స్‌లో పోస్టు పెట్టింది. అందరినీ దేశం నుంచి పంపేయాలని, హోటళ్లు తగలబెట్టినా తనకు పట్టదని దాని సారాంశం. మూడున్నర గంటల తర్వాత తీసేసింది గానీ అప్పటికే 3,10,000 సార్లు జనం చూశారు. ఇప్పుడు జడ్జి నడిచిన దారి చూడండి. మొదట సెంటెన్సింగ్ కౌన్సిల్ (కోర్టుల కోసం శిక్షల మార్గదర్శకాలు రాసే సంస్థ) మార్గదర్శకం తెరిచారు. అందులో రెండు ప్రశ్నలుంటాయి: ముద్దాయి దోషతీవ్రత ఎంత, కలిగిన లేదా కలగబోయిన హాని ఎంత? తీవ్రమైన హింసను రెచ్చగొట్టే ఉద్దేశం ఉంది కాబట్టి దోషతీవ్రతలో పై మెట్టు. ప్రాణాలకు ముప్పు తెచ్చే పనిని ప్రోత్సహించింది, విస్తృతంగా వ్యాపించింది కాబట్టి హానిలోనూ పై మెట్టు. మార్గదర్శకం పట్టికలో ఈ రెండు మెట్లూ కలిసే గడిలో ఆరంభ బిందువు మూడేళ్లు, పరిధి రెండు నుంచి ఆరేళ్లు. తర్వాత శిక్షను పెంచే అంశాలు, తగ్గించే అంశాలు తూకం వేశారు. దేశమంతా ఉద్రిక్తంగా ఉన్న సమయంలో పెట్టడం ఒకవైపు, ఆమె వ్యక్తిగత జీవితంలోని విషాదం, పశ్చాత్తాపం మరోవైపు. అలా 42 నెలలకు వచ్చారు. ఆఖరున నేరం ఒప్పుకున్నందుకు పావు వంతు తగ్గించారు. మొదటి దశలోనే ఒప్పుకుంటే మూడో వంతు, ఆ తర్వాతైతే పావు వంతు, విచారణ మొదలయ్యే రోజు ఒప్పుకుంటే పదో వంతు తగ్గించాలన్నది అక్కడి నియమం. 42లో పావు తీస్తే ముప్పై ఒకటిన్నర, దాన్ని 31 చేశారు. 2025 మే 20న కోర్ట్ ఆఫ్ అప్పీల్ ఆ శిక్షలో జోక్యం చేసుకోలేదు.

ఒక పోస్టుకు రెండున్నరేళ్లు దాటిన జైలా అని బ్రిటన్‌లో పెద్ద చర్చే జరిగింది. మీ స్టడీ గ్రూపులోనూ జరుగుతుంది, జరగనివ్వండి. నా అభిప్రాయం చెబుతాను. అంకె ఎక్కువనిపించినవాళ్లు కూడా ఏ మెట్టు దగ్గర ఎక్కువైందో వేలు పెట్టి చూపించగలుగుతున్నారు. ఉద్దేశాన్ని అంత తీవ్రంగా లెక్కించాలా, పోస్టు తీసేసినందుకు ఇంకొంచెం విలువ ఇవ్వాలా అని వాదించగలుగుతున్నారు. తీర్పులో కారణాలు అంత విడమరిచి ఉంటేనే ఆ వాదన సాధ్యం. నన్ను నిజంగా కలవరపెట్టింది వేరే విషయం, ఆ వేగం. అరెస్టయిన కొద్ది రోజులకే నేరం ఒప్పుకుని జైలుకు వెళ్లే మనిషికి, తన ముందున్న దారులన్నీ ఎవరైనా కూర్చోబెట్టి చెప్పారా? మూడో వంతు తగ్గింపు అనే ఆశ చిన్నది కాదు. ఇది మెయిన్స్ వ్యాసంలో రాయదగ్గ ప్రశ్న.

ఎవరూ రాకపోతే రెచ్చగొట్టడం నేరమేనా అని చాలామంది అడుగుతారు. దానికి 2011 చూడాలి. ఆ ఏడాది ఆగస్టులో లండన్‌లోని టోటెన్‌హామ్‌లో మొదలైన అల్లర్లు ఇతర నగరాలకు పాకాయి. ఆ రోజుల్లో చెషైర్‌లో ఇద్దరు యువకులు విడివిడిగా ఫేస్‌బుక్‌లో అల్లరికి రమ్మని ఈవెంట్లు పెట్టారు. వాళ్లు పిలిచిన అల్లర్లు జరగనే లేదు. అయినా సీరియస్ క్రైమ్ యాక్ట్ 2007 కింద ఇద్దరికీ నాలుగేసి ఏళ్లు పడ్డాయి. అదే అక్టోబర్‌లో లార్డ్ చీఫ్ జస్టిస్ (అక్కడి ప్రధాన న్యాయమూర్తి) లార్డ్ జడ్జ్ నేతృత్వంలోని కోర్ట్ ఆఫ్ అప్పీల్ ఆ శిక్షలను సమర్థించింది. దేశం తగలబడుతున్న వేళ చేసిన నేరం, మామూలు రోజు చేసిన అదే నేరం కంటే బరువైనదన్నది ఆ తీర్పులోని ప్రధాన సూత్రం. అదే తీర్పులో, దొంగసొత్తు తీసుకున్న ముగ్గురికి శిక్షలు తగ్గించారు. సందర్భం తీవ్రమైనదే అయినా, ప్రతి మనిషి స్వయంగా చేసిందేమిటో విడిగా చూడాల్సిందేనని దాని అర్థం. ఈ రెండు భాగాలూ కలిపి రాయండి. చాలామంది మొదటిదే రాస్తారు.

ఆ 'స్వయంగా చేసింది' ఎంత తేడా తెస్తుందో చెప్పడానికి రోథర్‌హామ్ కేసు చాలు. 2024 ఆగస్టు 4న అక్కడి మాన్వర్స్‌లో 200 మందికి పైగా శరణార్థులున్న హోటల్‌ను గుంపు చుట్టుముట్టి నిప్పు పెట్టింది. ఆ మంటలో పాలుపంచుకున్న ఒకతనికి షెఫీల్డ్ క్రౌన్ కోర్టు తొమ్మిదేళ్ల జైలు, ఆపైన ఐదేళ్ల పర్యవేక్షణ వేసింది. ప్రాణాలకు హాని తలపెట్టి నిప్పుపెట్టడం అన్న అభియోగం తోడైంది కాబట్టి వయొలెంట్ డిజార్డర్ ఐదేళ్ల గరిష్ఠం అడ్డు రాలేదు.

ఇదంతా చదివి మన పేపర్‌లో నేరుగా దించేస్తే మార్కులు పోతాయి. మనకు సెంటెన్సింగ్ కౌన్సిల్ లేదు, గడుల పట్టిక లేదు. స్టేట్ ఆఫ్ పంజాబ్ వర్సెస్ ప్రేమ్ సాగర్ (2008) కేసులో సుప్రీంకోర్టు ఈ లోటునే ఎత్తిచూపింది. అందుకని దారిని తీసుకోండి, అంకెలను అక్కడే వదిలేయండి. మన అంకెలు భారతీయ న్యాయ సంహితలో ఉన్నాయి. సెక్షన్ 191లో దొమ్మీకి రెండేళ్ల వరకు, మారణాయుధంతో అయితే ఐదేళ్ల వరకు. పాత ఐపీసీ 148లో ఇది మూడేళ్లే ఉండేది. 192 దొమ్మీ జరగాలని కావాలని రెచ్చగొట్టడం: దొమ్మీ జరిగితే ఏడాది వరకు, జరగకపోతే ఆరు నెలల వరకు. చెషైర్ కేసుతో పోల్చి రాయడానికి ఇంతకంటే మంచి సెక్షన్ లేదు. ఫలితాన్ని బట్టి శిక్ష మారాలని మన చట్టమే చెబుతోంది. 196 వర్గాల మధ్య వైరం పెంచడం, 353 పుకార్లు, ప్రజల్లో భయం పుట్టించే ప్రకటనలు. రెండింటికీ సాధారణంగా మూడేళ్ల వరకు. ఎలక్ట్రానిక్ మార్గాల ప్రస్తావన ఈ రెండింటిలోనూ ఇప్పుడు స్పష్టంగా ఉంది. చర్చ, సమర్థన, రెచ్చగొట్టడం అనే మూడింటికీ మధ్య గీత ఎక్కడో శ్రేయా సింఘాల్ (2015) సుప్రీంకోర్టు తీర్పులో ఉంది. ఆ గీత రాయకుండా 196 జవాబు పూర్తి కాదు.

రెండుచోట్ల జాగ్రత్త. ఒకటి, నేరం ఒప్పుకుంటే తగ్గింపు. అక్కడ మూడో వంతు తగ్గిస్తారు. మన ప్లీ బార్గెయినింగ్‌లో (నేరం ఒప్పుకుని తక్కువ శిక్షకు ఒప్పందానికి రావడం) బీఎన్‌ఎస్‌ఎస్, అంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, సెక్షన్ 293 ప్రకారం, కనీస శిక్ష లేని నేరానికి నిర్దేశించిన శిక్షలో పావు వంతు వేయొచ్చు, మొదటిసారి నేరం చేసినవాడైతే ఆరో వంతు. అంటే ఇక్కడి భిన్నం తగ్గించే భాగం కాదు, వేసే భాగం. రెండోది, శిక్ష మీద ముద్దాయిని వినడం. వారెంట్ కేసులో (రెండేళ్లు మించి శిక్ష ఉన్న నేరం) బీఎన్‌ఎస్‌ఎస్ 271(2), సెషన్స్ కేసులో 258(2) ప్రకారం విడిగా వినాలి. మామూలు దొమ్మీ గరిష్ఠం రెండేళ్లే కాబట్టి అది సమన్స్ కేసు అవుతుంది. దానికి 278 వర్తిస్తుంది, అందులో విడిగా వినాలన్న మాట లేదు. 196 మాత్రం వారెంట్ కేసు. ఒకే సంఘటన నుంచి పుట్టిన రెండు అభియోగాలకు ఈ తేడా ఉంటుందని రాస్తే దిద్దేవారికి మీరు సెక్షన్లు వాడటం తెలిసిన మనిషి అని అర్థమవుతుంది.

ప్రాక్టీస్ కోసం నేను చేసిన పని ఇది. ఇంగ్లండ్ శిక్షా వివరణ ఒకటి తీసుకుని వాస్తవాలు మాత్రం ఉంచి, అవి మన దేశంలో జరిగినట్టు మార్చుకునేదాన్ని. అభియోగాలు ఏవి, ప్రభుత్వ అనుమతి కావాలా (196కి బీఎన్‌ఎస్‌ఎస్ 217 కింద కావాలి), ఏ కోర్టు విచారిస్తుంది, పెంచే అంశాలు, తగ్గించే అంశాలు, ప్రొబేషన్ (జైలుకు పంపకుండా మంచి నడవడిక షరతుతో వదలడం) ఎందుకు ఇస్తున్నాను లేదా ఎందుకు ఇవ్వడం లేదు, ఆఖరున అంకె. ఒక పేజీలో ముగించాలి. మొదట్లో అంకె వేయడానికి చెయ్యి వణుకుతుంది, టెన్షన్ పడకండి. కారణాలు ముందు రాస్తే అంకె దానంతట అదే ఒక పరిధిలోకి వస్తుంది.

మాక్ ఇంటర్వ్యూలో నన్ను అడిగిన ప్రశ్న కూడా చెబుతాను, మీకూ రావచ్చు: మారణాయుధంతో దొమ్మీ కేసులో ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్‌గా మీకు నాలుగేళ్లు వేయాలనిపిస్తే? సెక్షన్ ఐదేళ్ల వరకు అంటుంది గానీ, బీఎన్‌ఎస్‌ఎస్ 23 కింద మన అధికారం మూడేళ్ల వరకే. అప్పుడు శిక్ష మనం వేయకూడదు. 364 కింద అభిప్రాయం రాసి, రికార్డుతో పాటు ముద్దాయిని చీఫ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేట్‌కు పంపాలి.