లోపలి గోడ తీయాలంటే ఏ కాగితాలు కావాలి?

హన్మకొండ, కాజీపేట వైపు పాత ఇల్లు బాగుచేయించుకునేవాళ్లు ముందు అడిగేది ఒకటే: "హాలుకీ వంటింటికీ మధ్య గోడ తీయడానికి కార్పొరేషన్ పర్మిషన్ కావాల్నా?" ఇంటి బయటి కొలతలు, ఎత్తు, అంతస్తులు మారకుండా, బరువు మోయని గోడను తీసినా పెట్టినా మామూలుగా అక్కర్లేదు. 2016 జాతీయ భవన నియమావళి కూడా పార్టిషన్ కట్టడం, తలుపో కిటికీయో పెట్టడం, మూసేయడం నోటీసు అక్కర్లేని పనుల్లోనే వేసింది. కాకపోతే కట్టడం బలానికీ, అగ్నిభద్రతకూ భంగం రాకూడదని షరతు పెట్టింది. చిక్కంతా ఆ షరతుతోనే.

"తొమ్మిదించులైతే మోసే గోడ, నాలుగున్నరైతే ఉత్త గోడ" అని మేస్త్రీలు చెప్పే లెక్కను పూర్తిగా నమ్మొద్దు. పిల్లర్లు, బీములు వేసిన ఇంట్లో తొమ్మిదించుల గోడ కూడా ఉత్త నింపుడు గోడే కావచ్చు. మట్టెవాడ లాంటి పాత బస్తీల్లో రాతి గోడల మీదే స్లాబ్ ఆనించిన ఇళ్లుంటాయి, వాటికి పిల్లరే ఉండదు. గోడ పైఅంచున జానెడు మేర ప్లాస్టర్ గీకి చూడండి. నింపుడు గోడైతే పైన బీము అడుగు నున్నగా కనిపిస్తుంది, చివరి వరుస ఇటుకలకూ బీముకూ మధ్య సందులో మాలు కుక్కి ఉంటుంది. మోసే గోడైతే స్లాబ్ కాంక్రీటు నేరుగా ఇటుకల మీదే పోసి ఉంటుంది, సిమెంటు పాలు సందుల్లోకి దిగి గట్టిపడి ఉంటాయి. పై అంతస్తులో సరిగ్గా దాని మీదే ఇంకో గోడ ఉందా అన్నదీ చూడాలి.

అనుమానముంటే స్ట్రక్చరల్ ఇంజినీరును పిలిచి రాతపూర్వకంగా తీసుకోండి. నా దృష్టిలో ఈ పనిలో అన్నిటికంటే విలువైన కాగితం అదే. "గోడ తీయవచ్చును" అని ఒక్క లైను రాసిచ్చే లెటర్ ఎందుకూ పనికిరాదు. గోడ ఎక్కడుందో చూపే స్కెచ్, మందం, తీసే పొడవు, బదులు పెట్టే బీము సైజు, లైసెన్సు నంబరుతో సంతకం ఉండాలి.

మోసే గోడైతే కథ వేరు. ఎల్‌టీపీ (ప్లాన్లు గీసి పెట్టడానికి లైసెన్సున్న సాంకేతిక నిపుణుడు) ద్వారా మార్చిన ప్లాను, ఇంజినీరు సర్టిఫికెట్ పెట్టి అనుమతి తీసుకోవాలి. పని కూడా మేస్త్రీ ఒక్కడి మీద వదిలేసేది కాదు. గోడకు రెండు పక్కలా స్లాబ్ కింద జాకీలు బిగించాకే సుత్తె ఎత్తాలి. కొత్త బీము చివరలు కనీసం తొమ్మిదించులు గోడ మీద కూర్చోవాలి, వాటి కింద కాంక్రీటు దిమ్మె పోయాలి, లేకపోతే ఆ బరువుకు ఇటుక నలుగుతుంది. ఇనుప బీము వేస్తే దానికీ స్లాబ్‌కూ మధ్య సందును గట్టి మాలుతో కూరాలి. ఇక్కడే ఎక్కువ ఇళ్లు దెబ్బతింటాయి: సందు వదిలేస్తే జాకీలు తీయగానే స్లాబ్ ఆ మేరకు దిగి, పై ఇంట్లో గోడలు ఏటవాలుగా పగుళ్లిస్తాయి. కాంక్రీటు బీమైతే ఆరు మీటర్ల లోపు పొడవుకు 14 రోజుల దాకా కింది ఊతం తీయొద్దని కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది.

నింపుడు గోడలు కూడా కట్టడం పక్కలకు ఊగకుండా కొంత ఆపుతాయి. 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించినప్పుడు వరంగల్ దాకా తెలిసింది. మడిగెల కోసమని కింది అంతస్తు గోడలన్నీ ఒకేసారి తీసేసే ఆలోచన ఉంటే మానుకోండి.

కొత్త గోడ పెట్టేవాళ్లకు బరువు లెక్క. పది అడుగుల ఎత్తున నాలుగున్నర ఇంచుల ఇటుక గోడ, ప్లాస్టర్‌తో కలిపి మీటరు పొడవుకు దాదాపు 800 కిలోలు. ఇళ్ల స్లాబ్‌ను మనుషులు, సామాన్ల కోసమని చదరపు మీటరుకు 200 కిలోల లెక్కన డిజైన్ చేస్తారు. కింద బీము లేనిచోట ఇటుక గోడ ఎత్తొద్దు, జిప్సం బోర్డు పార్టిషన్ చాలు, అది ఇందులో పదోవంతు బరువే. ఒక అర్రను రెండు చేస్తే రెండింటికీ బయటి గాలి వచ్చే కిటికీ ఉండాలి.

ఇక కార్పొరేషన్ అడగకపోయినా అడిగేవాళ్లున్నారు. అపార్టుమెంటైతే 1987 అపార్టుమెంట్ల చట్టం ప్రకారం పిల్లర్లు, బీములు, మెయిన్ గోడలు అందరి ఉమ్మడి ఆస్తి. ఫ్లాటు మీదైనా వాటిని చెక్కే హక్కు మీ ఒక్కరికే రాదు, అసోసియేషన్ ఎన్‌ఓసీ తీసుకోండి. హోమ్ లోన్ నడుస్తుంటే అగ్రిమెంటు తీసి చదవండి. కట్టడంలో మార్పులకు బ్యాంకు రాతపూర్వక సమ్మతి కావాలన్న షరతు సాధారణంగా ఉంటుంది.

ఖిలా వరంగల్ లోపల, వేయిస్తంభాల గుడి చుట్టుపక్కల ఉండేవాళ్లకు ఇంకో మెట్టుంది. కేంద్ర రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. 2010లో సవరించిన చట్టం ఉన్న ఇంట్లో చేసే మార్పులను కూడా "మరమ్మతు, పునరుద్ధరణ" కిందే లెక్కిస్తుంది. కాబట్టి లోపలి గోడైనా సరే, జాతీయ స్మారక కట్టడాల ప్రాధికార సంస్థ కోసం దరఖాస్తులు తీసుకునే సమర్థాధికారి అనుమతి వచ్చాకే పని మొదలుపెట్టండి.

కిరాయికి ఇవ్వడానికి ఇంటిని రెండు పోర్షన్లు చేస్తే రెండో కరెంటు మీటరు కోసం విద్యుత్ సంస్థ ఎన్పీడీసీఎల్‌కు విడిగా దరఖాస్తు పెట్టాలి, ఇంటి పన్ను అసెస్‌మెంటు కూడా మార్పించుకోవాలి. కూల్చిన తొమ్మిదించుల గోడ పది అడుగులకు పది అడుగులైతే నాలుగు టన్నుల పైనే తూగుతుంది. దాన్ని నాలాలో పారబోయకుండా, ట్రాక్టరు ఎక్కడికి తోలాలో ముందే మాట్లాడుకోండి.