డ్రాఫ్ట్‌కి మార్కులు మూడేళ్లాగి వేద్దాం

ఏప్రిల్ నెలాఖర్లో అమెరికాలో ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ (టీములు కొత్త కుర్రాళ్లని ఎంచుకోవడం) ముగిసిన మర్నాడే ప్రతి టీమ్‌కీ గ్రేడ్లు వచ్చేస్తాయి. ఎంపికైన కుర్రాళ్లలో ఒక్కడు కూడా ఇంకా ప్రాక్టీసుకి దిగి ఉండడు, అప్పుడే ఒక టీమ్‌కి ఏ ప్లస్, ఇంకోదానికి సి మైనస్. పెళ్లైన మర్నాడే కాపురానికి మార్కులు వేసినట్టుంటుంది. ఈ అలవాటు నాకు అస్సలు నచ్చదు. మరి ఎలా చూడాలి అంటే నాకు తోచింది ఇక్కడ రాస్తున్నాను.

కొత్తవాళ్ల కోసం ముందు నాలుగు ముక్కలు. ఎన్‌ఎఫ్‌ఎల్ అంటే హెల్మెట్లు పెట్టుకుని ఆడే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్. మాది బరంపురం, గంజాం జిల్లా. మా అన్నయ్య కొడుకు మిల్వాకీలో ఉద్యోగం చేస్తూ గ్రీన్ బే ప్యాకర్స్ అభిమాని అయ్యాడు, ఫోన్లో వాడు చెప్పగా చెప్పగా నాకూ పట్టుకుంది. గ్రీన్ బే జనాభా లక్ష దాటి కొంచెం, మా బరంపురంలో మూడో వంతు కూడా ఉండదు. అంత చిన్న ఊరి టీమ్‌కి యజమాని అంటూ ఒక్క కోటీశ్వరుడు లేడు, 5 లక్షల మందికి పైగా వాటాదారులున్నారు. 2021లో షేర్లు అమ్మినప్పుడు మా వాడు కూడా 300 డాలర్లు పెట్టి ఒకటి కొన్నాడు. దానికి డివిడెండ్ రాదు, లాభానికి అమ్ముకోవడానికీ లేదు, అయినా ఫ్రేము కట్టించి గోడకి తగిలించాడు. అలాంటి టీమ్ మీద అభిమానం కలగడంలో వింతేముంది?

డ్రాఫ్ట్ అంటే కాలేజీల నుంచి వచ్చే ఆటగాళ్లని 32 టీములు 7 రౌండ్లలో వంతులవారీగా ఎంచుకోవడం. పోయినేడు అట్టడుగున ఉన్న టీమ్‌కి మొదటి వంతు, ఛాంపియన్‌కి చివరి వంతు. ఎంపికైనవాడికి నాలుగేళ్ల కాంట్రాక్టు. మొదటి రౌండ్‌లో వచ్చినవాణ్ణి మాత్రం ఐదో ఏడు కూడా ఉంచుకునే హక్కు టీమ్‌కి ఉంటుంది, ఆ హక్కు వాడుకుంటారో లేదో మూడు సీజన్లు అయ్యాక మే మొదట్లో తేల్చి చెప్పాలి. నా లెక్కలో అదే అసలు రిజల్ట్స్ వచ్చే రోజు. ఎందుకంటే ఆ కుర్రాణ్ణి రోజూ దగ్గర నుంచి చూసిన టీమే, తన డబ్బు ముందు పెట్టి, తన ఎంపికకి తానే మార్కు వేసుకుంటోంది.

ప్యాకర్స్ జనరల్ మేనేజర్ బ్రయన్ గుటెకున్స్ట్ 2018 నుంచి ఆ పదవిలో ఉన్నాడు. 2018 నుంచి 2022 దాకా ఆయన మొదటి రౌండ్‌లో తీసుకున్నది ఏడుగురిని: జైర్ అలెగ్జాండర్, రషాన్ గ్యారీ, డార్నెల్ శావేజ్, జోర్డన్ లవ్, ఎరిక్ స్టోక్స్, క్వే వాకర్, డెవాంటే వయట్. స్టోక్స్‌కీ వాకర్‌కీ ఆ ఐదో ఏడు ఇవ్వలేదు. శావేజ్‌కి ఇచ్చారు, అది కాగానే జాక్సన్‌విల్ టీమ్‌కి వెళ్లిపోయాడు. పెద్ద కాంట్రాక్టు ఇచ్చి నిలుపుకున్నవాళ్లు అని ఖాయంగా చెప్పగలిగింది అలెగ్జాండర్, గ్యారీ, లవ్, అంతే. అందులోనూ అలెగ్జాండర్‌ని గాయాల తర్వాత 2025లో వదులుకున్నారు.

లవ్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. 2019 సీజన్‌లో టీమ్ 13 గెలిచి 3 ఓడింది, సూపర్ బౌల్‌కి, అంటే లీగ్ ఫైనల్‌కి, ఒక్క మెట్టు కింద ఆగిపోయింది. క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడిని నడిపేవాడు) ఆరన్ రాడ్జర్స్‌కి 36 ఏళ్లు, ఇంకా బ్రహ్మాండంగా ఆడుతున్నాడు. అందరూ ఒక మంచి రిసీవర్, అంటే ఆ విసిరిన బంతిని పట్టేవాడు, కావాలన్నారు. 2020 డ్రాఫ్ట్‌లో గుటెకున్స్ట్ ఏం చేశాడు? నాలుగో రౌండ్ వంతు ఒకటి ఎదురిచ్చి, 30వ స్థానం నుంచి 26కి పైకి జరిగి మరీ ఇంకో క్వార్టర్‌బ్యాక్‌ని, ఈ లవ్‌ని తీసుకున్నాడు. తిట్లు వర్షంలా కురిశాయి. రాడ్జర్స్ ఆ తర్వాత 2020లోనూ 2021లోనూ ఎంవీపీ (లీగ్‌లో ఆ ఏటి మేటి ఆటగాడు) అయ్యాడు, లవ్ మూడేళ్లు బెంచీ మీదే కూర్చున్నాడు. 2023లో అవకాశం రాగానే టీమ్‌ని ప్లేఆఫ్స్‌కి తీసుకెళ్లి, డల్లస్‌ని వాళ్ల సొంత గ్రౌండ్‌లో 48-32తో ఓడించాడు. 2005లో రాడ్జర్స్‌ని 24వ స్థానంలో తీసుకుని అప్పటి క్వార్టర్‌బ్యాక్ బ్రెట్ ఫావ్ర్ వెనకాల మూడేళ్లు కూర్చోబెట్టింది కూడా ఈ టీమే.

మా వాడు మాత్రం ఇప్పటికీ ఒప్పుకోడు. "చిన్నాన్నా, 33లో టీ హిగ్గిన్స్ వెళ్లాడు, 34లో పిట్‌మన్ వెళ్లాడు, ఆ ఇద్దరు రిసీవర్లలో ఎవడున్నా ఆ ఏడు టాంపా చేతిలో 31-26తో ఓడిపోయేవాళ్లమా?" అంటాడు. ఆ బాధ నాకు అర్థమవుతుంది, ఐదు పాయింట్ల తేడాతో సూపర్ బౌల్ పోయింది. అయినా నా తీర్పు మారదు. మంచి రిసీవర్ ఏ ఏడు డ్రాఫ్ట్‌లోనైనా దొరుకుతాడు, పదేళ్లు మొయ్యగల క్వార్టర్‌బ్యాక్ కోసం కొన్ని టీములు ఇరవై ఏళ్లుగా వెతుకుతూనే ఉన్నాయి.

నాకు కోపం వచ్చేది వేరే ఎంపిక మీద. 2021 రెండో రౌండ్‌లో సెంటర్ కావాలి, అంటే బంతిని వెనక్కి అందించి లైన్ మధ్యలో నిలబడేవాడు. 62వ స్థానంలో జాష్ మైయర్స్‌ని తీసుకున్నారు. ఆ వెంటనే 63లో కాన్సస్ సిటీ వాళ్లు క్రీడ్ హంఫ్రీని తీసుకున్నారు. అతనూ సెంటరే! హంఫ్రీ రెండు సూపర్ బౌల్స్ గెలిచిన టీమ్‌లో మొదటి రోజు నుంచీ ఆడాడు, మైయర్స్ మొదటి కాంట్రాక్టు అయిపోగానే జెట్స్‌కి వెళ్లిపోయాడు. ఇక్కడ అవసరం ఒకటే, సమయం ఒకటే, ఇద్దరూ ఎదురుగానే ఉన్నారు. సాకు చెప్పడానికి చోటే లేదు. 1989లో టోనీ మాండరిచ్‌ని రెండో స్థానంలో తీసుకుని ఆ తర్వాత దిగ్గజమైన బారీ శాండర్స్‌ని వదిలేసిన టీమ్‌కి ఈ నొప్పి కొత్త కాదనుకోండి.

గుటెకున్స్ట్‌లో నాకు కనిపించే లోపం ఒకటుంది, మొదటి రౌండ్‌లో ఆయన ఆట కన్నా ఒంటిని ఎక్కువ నమ్ముతాడు. మా బరంపురం బరువులెత్తేవాళ్ల ఊరు, 2010 కామన్వెల్త్ గేమ్స్‌లో 69 కిలోల విభాగంలో స్వర్ణం తెచ్చిన కాటూలు రవికుమార్ ఇక్కడివాడే. అందుకే ఒంటి బలం విలువ మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ వెయిట్‌లిఫ్టింగ్‌లో ఎత్తిన బరువే ఫలితం, ఫుట్‌బాల్‌లో కాదు. 2023లో 13వ స్థానంలో తీసుకున్న లూకస్ వాన్ నెస్ కాలేజీలో ఒక్క మ్యాచ్ కూడా మొదటి పదకొండు మందిలో ఒకడిగా మొదలుపెట్టలేదు. బలం ఉంది, వేగం ఉంది, నేర్పించుకుందాం అని తీసుకున్నారు. అదే గుటెకున్స్ట్ కింది రౌండ్లలో ఎంత బాగా ఎంచుతాడో చూడండి: 2019 రెండో రౌండ్‌లో ఎల్గ్‌టన్ జెంకిన్స్, 2022 నాలుగో రౌండ్‌లో 140వ స్థానంలో జాక్ టామ్, 2023లో జేడెన్ రీడ్, టకర్ క్రాఫ్ట్. టామ్‌కి 2025లో నాలుగేళ్లకి 8.8 కోట్ల డాలర్ల కాంట్రాక్టు ఇచ్చారు.

అందుకే 2025 ఆగస్టులో డల్లస్ డిఫెండర్ మైకా పార్సన్స్ కోసం 2026, 2027 మొదటి రౌండ్ వంతులూ, తమ ఆటగాడు కెన్నీ క్లార్క్‌నీ డల్లస్‌కి ఇచ్చేస్తే నేను సంతోషించాను. మొదటి నాలుగు సీజన్లలో ఏటా కనీసం 12 సాక్‌లు (బంతి విసిరేలోపే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడం) చేసినవాడు అతను. ఇచ్చిన రెండు వంతుల్లో ఎవరు దొరికేవారో, వాళ్లు నిలబడేవారో లేదో పైన చెప్పిన జాబితా చూస్తే తెలుస్తోంది కదా. డిసెంబర్‌లో పార్సన్స్ మోకాలి లిగమెంట్ తెగిపోయినప్పుడు రెండు రోజులు ఏ పనీ మనసుకి పట్టలేదు, కానీ గాయాన్ని చూసి ఆ నిర్ణయం తప్పనడం నాకు న్యాయంగా అనిపించదు.

2025లో తీసుకున్న రిసీవర్ మాథ్యూ గోల్డెన్ గురించి చాలామంది ఇప్పుడే తేల్చెయ్యమంటున్నారు. డ్రాఫ్ట్ గ్రీన్ బేలోనే జరిగింది, 2002 తర్వాత మొదటి రౌండ్‌లో రిసీవర్‌ని తీసుకోవడం అదే మొదలు, 40 గజాలు 4.29 సెకన్లలో పరిగెత్తిన కుర్రాడు, ఆశలు ఆకాశంలో ఉన్నాయి. అతని మీద నా తీర్పు 2028 మేలో. 2026లో పిట్స్‌బర్గ్‌లో జరిగే డ్రాఫ్ట్‌లో మాకు మొదటి రౌండ్ లేదు కాబట్టి శుక్రవారం పొద్దున్నే 5:30కి లేవాల్సిన పని లేదు, శనివారం పొద్దున్న లేస్తే చాలు. రెండో రౌండ్‌లో కార్నర్‌బ్యాక్ (రిసీవర్లని అడ్డుకునేవాడు) రావాలని నా కోరిక, మా వాడు ఆఫెన్సివ్ లైన్ (క్వార్టర్‌బ్యాక్‌ని కాచేవాళ్లు) అంటున్నాడు. ఏ పొజిషన్ అయినా సరే, కాలేజీలో రెండేళ్లయినా పూర్తిగా ఆడినవాణ్ణి తీసుకోండి గుటెకున్స్ట్ గారూ.